వాకిట్లో సెన్సార్ దీపం: వెలగకపోయినా, ఆరకపోయినా చూడవలసిన విషయాలు

పల్లె ఇంటిలో రాత్రివేళ వాకిలి నుంచి పశువుల కొట్టానికి, పెరటి గుమ్మం నుంచి మరుగుదొడ్డికి వెళ్లే దారి పది అడుగులైనా చీకటి దారే. ఒకప్పుడు ఆ దారికి లాంతరు తోడు, ఆ తరువాత టార్చిలైటు తోడు. ఇప్పుడు మనిషి అడుగు పెట్టగానే తనంతట తాను వెలిగి, కొంతసేపటికి ఆరిపోయే సెన్సార్ దీపాలు వచ్చాయి. బళ్లారి, రాయచూరు వైపు ఇళ్ల నుంచి హోసూరు, పర్లాకిమిడి, సిరొంచ, యానాం వరకు ఇంటి గోడల మీద ఇవి కనిపిస్తున్నాయి. చేతిలో నీళ్ల చెంబో, పాల తపేలానో ఉన్నప్పుడు స్విచ్చి వెతుక్కొనే పని లేకపోవడం వీటి ముఖ్య ప్రయోజనం.

అయితే కొన్ని నెలలు గడిచేసరికి ఈ దీపాల మీద ఫిర్యాదులు మొదలవుతాయి. మనిషి వచ్చినా వెలగదు, లేదా రాత్రంతా ఆరదు, లేదా ఎవరూ లేకుండానే పదేపదే వెలిగి ఆరుతుంది. విసుగెత్తిన ఇంటివారు స్విచ్చి తీసివేస్తారు. ఆ సంగతి తెలియని ఇంటి పెద్దావిడ ఏ రెండో జామునో లేచి, దీపం వెలుగుతుందన్న నమ్మకంతో చీకటిలోకి అడుగు వేస్తుంది. అసలు ప్రమాదం అక్కడ ఉంది. పాడైందనుకొని పక్కన పడేసే దీపాలలో చాలావాటికి నిజానికి ఏ జబ్బూ ఉండదు. అమర్చిన చోటులోనో, తిప్పిన నాబ్‌లోనో, వైరు కలిపిన తీరులోనో పొరపాటు ఉంటుంది. ఆ దీపం దేనిని చూసి వెలుగుతుందో తెలిస్తే ఆ పొరపాట్లను ఇంట్లోనే పట్టుకోవచ్చు.

దీపం కన్ను చూసేది వేడిని

సెన్సార్‌కు మనిషి ఆకారం తెలియదు, అడుగుల చప్పుడు వినపడదు. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని పరారుణ కిరణాలను విడుదల చేస్తుంది. మనిషి శరీరం నుంచి వెలువడే ఈ కిరణాల తరంగదైర్ఘ్యం ముఖ్యంగా 9, 10 మైక్రోమీటర్ల దగ్గర ఉంటుంది. వాటిని పసిగట్టే పరికరాన్ని పి.ఐ.ఆర్. సెన్సార్ అంటారు. దీనిలో సాధారణంగా రెండు చిన్న గ్రాహకాలు పక్కపక్కన ఉంటాయి. రెండింటిమీదా వేడి సమానంగా పడినంతసేపు అది మౌనంగా ఉంటుంది. ఒకదాని మీద ముందు, రెండోదాని మీద తరువాత వేడి పడితే ఏదో కదిలిందని గ్రహించి దీపాన్ని వెలిగిస్తుంది.

సెన్సార్ ముందు కనిపించే పాలరంగు ప్లాస్టిక్ బుడగ వట్టి మూత కాదు. అది గీతలు గీతలుగా మలచిన ఒక కటకం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ దీపస్తంభాల కోసం రూపొందించి, 1823లో కోర్దువాన్ దీపస్తంభంలో వాడిన కటకానికి ఇది చిన్న వారసురాలు. ఎదుట ఉన్న స్థలాన్ని ఇది విసనకర్ర మడతల వలె భాగాలుగా విడగొడుతుంది. మనిషి ఒక మడత నుంచి మరో మడతలోకి దాటినప్పుడే సెన్సార్‌కు స్పష్టమైన సంకేతం అందుతుంది. అందుచేత దీపానికి అడ్డంగా నడిచే మనిషిని అది తొందరగా గుర్తిస్తుంది. నేరుగా దానివైపే నడిచి వచ్చే మనిషిని ఆలస్యంగా గుర్తిస్తుంది. దారి చివర గోడకు ఎదురుగా బిగించిన దీపం బాగా దగ్గరికి వచ్చాక గాని వెలగకపోవడానికి కారణం ఇదే. దానిని దారి పక్క గోడకు మార్చితే కొత్త ఖర్చు లేకుండానే లోపం పోతుంది.

పాము వస్తే దీపం వెలగదు

ఈ దీపం పెట్టుకుంటే పాము వచ్చినా తెలుస్తుందని కొందరు నమ్ముతారు. అది ప్రమాదకరమైన నమ్మకం. పాము శరీరపు వేడి చుట్టూ ఉన్న నేల వేడితో దాదాపు సమానంగా ఉంటుంది. పైగా అది నేలబారున పాకే సన్నని ప్రాణి. వేడి తేడా లేనిదానిని పి.ఐ.ఆర్. సెన్సార్ గుర్తించలేదు. తేలు విషయమూ అంతే. దీపం వెలగలేదు కాబట్టి పెరట్లో ఏమీ లేదనుకోరాదు. దీపం మనిషి కోసం వెలుగుతుంది, ఆ వెలుగులో నేలను చూడవలసింది మనిషే. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది, దాని కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియనివ్వదు. కాబట్టి గడప దాటిన వెంటనే దీపం వెలగకపోతే ముందుకు నడవకుండా వెనుకకు వచ్చి టార్చి తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. పాము కాటు అనుమానం కలిగితే ఆలస్యం చేయకుండా 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేరాలి.

మూడు నాబ్‌ల అర్థం

గోడకు బిగించే చాలా సెన్సార్ల అడుగున చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే నాబ్‌లు ఉంటాయి. పెట్టె మీది వివరాలు సాధారణంగా ఆంగ్లంలోనే ఉండటంతో చాలామంది వీటిని ముట్టుకోరు. లోపాలలో సగానికి పరిష్కారం ఇక్కడే దొరుకుతుంది.

టైమ్ అన్నది దీపం ఎంతసేపు వెలగాలో నిర్ణయిస్తుంది. సాధారణంగా 10 సెకన్ల నుంచి 5 లేదా 10 నిమిషాల వరకు ఉంటుంది. మనిషి కదులుతున్నంతసేపు ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తూనే ఉంటుంది.

లక్స్ అన్నది ఎంత చీకటి పడితే దీపం పని మొదలుపెట్టాలో నిర్ణయిస్తుంది. చంద్రుని గుర్తు వైపు తిప్పితే బాగా చీకటి పడ్డాకనే వెలుగుతుంది. సూర్యుని గుర్తు వైపు తిప్పితే పగలు కూడా వెలుగుతుంది.

సెన్స్ అన్నది ఎంత దూరం వరకు చూడాలో నిర్ణయిస్తుంది. ఇది అన్ని దీపాలకు ఉండదు.

హోల్డర్‌లో పెట్టే సెన్సార్ బల్బులకు ఈ నాబ్‌లు సాధారణంగా ఉండవు. వాటి సమయం, వెలుతురు హద్దు తయారీలోనే నిర్ణయమై ఉంటాయి.

చేయి పెట్టే ముందు

నాబ్ తిప్పడం, కటకం తుడవడం మినహా మరే పనికైనా మెయిన్ స్విచ్చి తీసివేయాలి. గోడ స్విచ్చి తీస్తే చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్చిని ఫేజు వైరుకు బదులు న్యూట్రల్ వైరుకు కలిపి ఉంటారు. అప్పుడు స్విచ్చి తీసినా దీపం దగ్గర కరెంటు ఉంటుంది. మెయిన్ తీసిన తరువాత కూడా టెస్టర్‌తో చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తున్నదో లేదో ముందుగా కరెంటు ఉన్న ప్లగ్గులో పరీక్షించుకోవాలి. తడి గోడ మీద, తడి చేతులతో, వానలో ఈ పని తగదు. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే బయటి దీపాల విషయంలో అది ప్రాణరక్ష. వైర్లు విప్పవలసి వస్తే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మేలు.

అసలు వెలగకపోతే

మొదట గోడ స్విచ్చి వేసి ఉన్నదో లేదో చూడాలి. సెన్సార్ దీపానికి స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలి. అలవాటు కొద్దీ తెల్లవారగానే ఎవరో ఒకరు దానిని తీసివేస్తుంటారు. ఆ స్విచ్చి మీద ఒక కాగితం ముక్క అంటించడం మంచి ఉపాయం.

రెండవది బల్బు. సెన్సార్ వేరు, బల్బు వేరు అయిన చోట ఇంట్లో వెలుగుతున్న బల్బును తెచ్చి పెట్టి చూడాలి.

మూడవది పగటి పరీక్ష. లక్స్ నాబ్‌ను పూర్తిగా సూర్యుని గుర్తు వైపు, టైమ్ నాబ్‌ను అతి తక్కువకు తిప్పాలి. కరెంటు ఇచ్చిన తరువాత సెన్సార్ సర్దుకోవడానికి 30 సెకన్ల నుంచి ఒక నిమిషం పడుతుంది. అంతవరకు ఆగి, పదిహేను అడుగుల దూరంలో దీపానికి అడ్డంగా నడవాలి. వెలిగితే సెన్సార్ బాగానే ఉన్నది, లోపమంతా లక్స్ నాబ్‌లోనో, దీపం పక్కనున్న వీధిదీపం వెలుతురులోనో ఉన్నది. వీధిదీపం వెలుతురు సెన్సార్ మీద పడితే అది ఇంకా పగలే అనుకొని నిద్రపోతుంది. వెలగకపోతే వైర్లలోనో లోపలి భాగాలలోనో లోపం ఉన్నట్లు.

నాలుగవది కటకం మీది మురికి. దుమ్ము, సాలెగూడు, వంటింటి పొగ జిడ్డు పేరుకుంటే చూపు మసకబారుతుంది. సంక్రాంతికో ఉగాదికో గోడలకు సున్నం వేసేటప్పుడు పడిన చుక్కలు కూడా అడ్డమే. తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడవాలి. కిరోసిన్, పెట్రోలు, గరుకు పీచు వాడరాదు. వానకు తడుస్తుందని సెన్సార్ ముందు గాజు పలకో, మందపాటి ప్లాస్టిక్ రేకో పెడితే అది గుడ్డిదవుతుంది. మనిషి వేడి కిరణాలు గాజును దాటలేవు. పైన చూరులా చిన్న రేకు పెట్టవచ్చు, ముందు మాత్రం ఏదీ ఉండరాదు.

ఐదవది ఎత్తు. గోడ సెన్సార్లను సాధారణంగా 6 నుంచి 8 అడుగుల ఎత్తులో బిగించాలి. మేడ అంచున చాలా ఎత్తులో బిగిస్తే దాని చూపు మనిషి తలల మీదుగా పోతుంది.

రాత్రంతా ఆరకపోతే

దీనికి ఒక తేలిక పరీక్ష ఉన్నది. కటకాన్ని మందపాటి అట్టతో పూర్తిగా కప్పి, టైమ్ నాబ్‌లో ఉన్న సమయం గడిచేవరకు ఆగాలి. దీపం ఆరిపోతే సెన్సార్ మంచిదే, బయట ఏదో దానిని కదిలిస్తున్నది. ఆరకపోతే లోపల రిలే అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా ఫేజు వైరు నేరుగా బల్బుకు కలిసి ఉండవచ్చు. స్విచ్చిని వెంటవెంటనే తీసి వేస్తే ఎల్లప్పుడూ వెలిగే పద్ధతిలోకి మారే దీపాలు కూడా ఉన్నాయి. అలాంటి అనుమానం ఉంటే స్విచ్చి తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ వేయాలి.

రిలే అతుక్కుపోవడానికి ముఖ్య కారణం మోయలేని బరువు. ఒక సెన్సార్ మీద 1200 వాట్ల మామూలు బల్బులకు అనుమతి ఉన్నా, ఎల్‌ఈడీ దీపాలకు 300 వాట్లే ఉండవచ్చు. ఎల్‌ఈడీలు వెలిగే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగడమే ఈ తేడాకు కారణం. పెట్టె మీద రెండు అంకెలూ చూసి, చిన్న అంకెను పాటించాలి.

ఎవరూ లేకుండానే వెలుగుతుంటే

సెన్సార్‌కు దయ్యాలు కనపడవు. దానికి కనిపించేది కదిలే వేడి మాత్రమే. కొట్టంలో మెసలే ఎద్దు, గోడ మీద పిల్లి, వీధిలో కుక్క, రోడ్డున పోయే లారీ ఇంజను, వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను నుంచి వచ్చే వేడి గాలి, ఏ.సి. బయటి పెట్టె ఇవన్నీ దానిని మేల్కొల్పగలవు. పగలంతా ఎండకు కాగిన చెట్టు కొమ్మలు సాయంత్రపు గాలికి ఊగినా, దండెం మీది బట్టలు రెపరెపలాడినా వెలగవచ్చు. గుమ్మానికి కట్టిన తోరణం సెన్సార్ ఎదుట వేలాడుతుంటే అదీ కారణం కావచ్చు. కటకం మీదుగా పోయే బల్లి, దానికి అంటుకొని గూడు కట్టే సాలెపురుగు చిన్నవే అయినా, మరీ దగ్గరగా ఉండటం వల్ల సెన్సార్‌కు పెద్దగా తోస్తాయి.

పరిష్కారం చూపును కుదించడమే. సెన్సార్ తలను కొంచెం కిందికి వంచాలి. రోడ్డు వైపు లేదా కొట్టం వైపు ఉన్న కటకం భాగం మీద నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే ఆ వైపు చూపు ఆగిపోతుంది. సెన్స్ నాబ్ ఉంటే తగ్గించాలి. పొరుగింటి వాకిలి మీద మన దీపం పడి వారి నిద్ర చెడకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే.

పి.ఐ.ఆర్. కాకుండా రాడార్ లేదా మైక్రోవేవ్ పేరుతో అమ్మే సెన్సార్లు వేరు. అవి రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చే వాటిలోని మార్పును చూస్తాయి. పలుచని తలుపు, రేకు కాని పైకప్పు దాటి కూడా కదలికను గుర్తిస్తాయి. చెట్లు ఉన్న పెరటికి, సందడి వీధికి అవి అంతగా తగవు.

మిణుకుమిణుకుమంటుంటే

వెలిగి, ఆరి, మళ్లీ వెంటనే వెలిగే దీపం తరచుగా తన వెలుతురును తానే చూసుకుంటున్నదని అర్థం. తెల్లని గోడ మీద పడిన వెలుతురు సెన్సార్ వైపు తిరిగివస్తే అది పగలనుకొని ఆరిపోతుంది. ఆరగానే చీకటి అనుకొని వెలుగుతుంది. సెన్సార్‌ను, బల్బును కొంచెం ఎడంగా, వేర్వేరు దిక్కులకు తిప్పాలి.

ఆరిన తరువాత కూడా ఎల్‌ఈడీ సన్నగా మినుకుతుంటే, అది న్యూట్రల్ లేని రెండు వైర్ల సెన్సార్ కావచ్చు. అలాంటి సెన్సార్ తన అవసరానికి కొద్ది కరెంటును బల్బు గుండానే తీసుకుంటుంది. స్విచ్చి న్యూట్రల్ వైపు ఉన్నా ఇలాగే జరుగుతుంది. న్యూట్రల్ ఉన్న మూడు వైర్ల సెన్సార్ పెట్టడమే దీనికి సరైన మందు.

టక్‌టక్‌మని రిలే చప్పుడు వస్తూ దీపం నిలవకపోతే వోల్టేజి తక్కువై ఉండవచ్చు, లేదా లోపలి కెపాసిటర్ బలం తగ్గి ఉండవచ్చు. చవక రకం సెన్సార్లలో కొన్నేళ్లకు ఈ కెపాసిటర్ క్షీణిస్తుంది. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే తిక్క చేష్టలు చేస్తుంటే ఇన్వర్టర్ రకం చూడాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కరెంటు ఇలాంటి సెన్సార్లకు సరిపడకపోవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు కొంతసేపు తనంతట తాను వెలగడం మాత్రం లోపం కాదు. అది సెన్సార్ సర్దుకొనే సమయం.

ఊరిని బట్టి, కాలాన్ని బట్టి

బళ్లారి, రాయచూరు, చంద్రపూర్ వైపు మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దుగూకినా రాతి గోడలు, నేల వేడిని వదులుతూనే ఉంటాయి. మనిషి చర్మం వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. చుట్టూ అంతే వేడి ఉంటే సెన్సార్‌కు మనిషికీ గోడకీ తేడా తెలియదు. పెట్టె మీద 12 మీటర్ల దూరం అని ఉన్న చోట, 24 డిగ్రీల లోపు వేడిలో అనే షరతు కూడా తరచుగా ఉంటుంది. అందుచేత వేసవిలో దీపం దగ్గరికి వస్తే గాని వెలగకపోతే దానిని పారేయనవసరం లేదు. సెన్స్ నాబ్ పెంచాలి, కరెంటు దీపమైతే కొద్ది కాలం మామూలు స్విచ్చితో వేసుకోవాలి. కోరాపుట్ కొండల వంటి చల్లని చోట్ల శీతకాలపు రాత్రులలో ఇదే సెన్సార్ చూపు బాగా సాగి, దూరపు కదలికకు కూడా వెలుగుతుంది. అప్పుడు సెన్స్ తగ్గించాలి.

గౌతమి ఒడ్డున యానాంలోను, సముద్రతీరపు ఊళ్లలోను ఉప్పుగాలి, తేమ వైర్ల కొసలను పచ్చగా చిలుము పట్టిస్తాయి. అక్కడ ఐ.పి. 65 గుర్తు ఉన్న దీపం మేలు. ఐ.పి. 44 అంటే చిలకరింపు నీటికి మాత్రమే తట్టుకుంటుందని అర్థం. వైరు లోపలికి పోయే రంధ్రాన్ని మూయాలి గాని, అడుగున నీరు కారిపోవడానికి ఉంచిన సన్న రంధ్రాన్ని మూయరాదు. వరద నీరు తాకిన దీపానికి ఎలక్ట్రీషియన్ చూసేవరకు కరెంటు ఇవ్వరాదు.

సోలార్ సెన్సార్ దీపం

కరెంటు తీగ చేరని కొట్టానికి, పొలం దగ్గరి పాకకు సోలార్ దీపం అనువైనది. ఇది వెలగకపోతే మొదట వెనుకనో అడుగుననో ఉండే చిన్న స్విచ్చి చూడాలి. తరువాత పలక మీది దుమ్ము తుడవాలి. పలక దక్షిణం వైపు వాలుగా ఉండి, పగలు నీడ పడకుండా ఉండాలి. చెట్టు నీడ, చూరు నీడ కొద్దిగా పడినా చార్జి బాగా తగ్గుతుంది. చాలా సోలార్ దీపాలు ఆ పలకతోనే రాత్రి పగలు తెలుసుకుంటాయి. అందుచేత చేత్తోనో గుడ్డతోనో పలకను కప్పి ఎదుట నడిస్తే పగలే పరీక్షించవచ్చు. సాయంత్రం వెలిగి అర్ధరాత్రికి ఆరిపోతుంటే బ్యాటరీ ముసలిదైనట్లు. కొత్తది వేసేటప్పుడు పాతదానిపై ఉన్న వోల్టేజి, రకం చూసి అదే తేవాలి. 3.2 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ స్థానంలో 3.7 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ వేయరాదు. ఉబ్బిన బ్యాటరీని పొడవడం, నిప్పులో వేయడం ప్రాణాంతకం.

వైర్ల రంగులతో తికమక

పాత ఇళ్ల వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. చాలా సెన్సార్లకు మాత్రం గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఎరుపు బల్బుకు పోయే వైరు. ఎరుపును ఎరుపుతో కలపడం సహజంగా జరిగే పొరపాటు. అలా కలిపితే సెన్సార్ పనిచేయదు, ఒక్కోసారి కాలిపోతుంది. రంగును నమ్మక, పెట్టెలోని బొమ్మను ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వాలి. ఆ కాగితాన్ని ఇంటి పత్రాలతో దాచుకోవాలి.

కొనేటప్పుడు

దుకాణంలో ఏ భాష మాట్లాడినా మోషన్ సెన్సార్ అన్న మాట చెల్లుతుంది. వట్టి సెన్సార్ అంటే చీకటి పడగానే వెలిగి తెల్లవారేవరకు ఆరని డే-నైట్ సెన్సార్ చేతికి వచ్చే అవకాశం ఉన్నది. బిల్లు, వారంటీ కాగితం తీసుకోవాలి. పొరుగు రాష్ట్రపు పట్టణంలో కొన్న వస్తువు చెడి దుకాణదారు పలకకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

అమావాస్య పరీక్ష

నెలకొకసారి, వెన్నెల లేని అమావాస్య రాత్రి ఈ దీపాలను పరీక్షించడం మంచి ఆనవాయితీ. కటకం తుడిచి, టార్చి చేత పట్టుకొని, ఇంటి పెద్దలు రాత్రివేళ నడిచే దారిలోనే, వారు నడిచేటంత నెమ్మదిగా నడిచి చూడాలి. పడుచువారి వేగపు అడుగుకు వెలిగిన దీపం ముసలివారి మెల్లని అడుగుకు వెలగకపోవచ్చు. గడప దాటిన రెండు మూడు అడుగులలోపు వెలుగు రావాలి, మరుగుదొడ్డి తలుపు చేరేవరకు నిలవాలి. అలా నిలవకపోతే టైమ్ నాబ్‌ను పెంచాలి. దీపం పాడైందని తేలి స్విచ్చి తీసివేయవలసి వస్తే, ఆ మాట అదే పూట ఇంటిల్లిపాదికీ చెప్పి, గుమ్మం పక్కన టార్చిలైటు వేలాడదీయాలి.